మారథాన్ తర్వాత రెండు కాళ్లూ వాచిన టీచర్: ఒక కేస్ స్టడీ

ఆమెకు 43 ఏళ్లు. విజయవాడలో హైస్కూల్ టీచర్. కొన్నేళ్లుగా కృష్ణ కరకట్ట మీద పరుగెడుతున్నారు, హాఫ్ మారథాన్లు పూర్తి చేసిన అనుభవం ఉంది. ఫుల్ మారథాన్, అంటే 42.195 కిలోమీటర్లు, ఇదే మొదటిసారి. ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్‌లో 5 గంటల 20 నిమిషాల్లో పరుగు ముగించారు. స్నానం, భోజనం కానిచ్చి అదే మధ్యాహ్నం కారెక్కారు. సోమవారం స్కూల్లో డ్యూటీ ఉందని ఆ తొందర. తీరా సోమవారం పొద్దున లేచేసరికి స్కూల్ సంగతి అటుంచి, బాత్రూమ్ వరకు నడవడమే కష్టమైంది.

మంగళవారం ఉదయం భర్త చేయి పట్టుకుని, ఫిజియోథెరపిస్టునైన నా దగ్గరికి వచ్చారు. వివరాలు ఆమె అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే సంగతులు మార్చాను.

"కాళ్లకు నీరు పట్టింది డాక్టర్ గారూ. గట్టిగా మసాజ్ చేస్తే దిగిపోతుందని మా గ్రూపులో అందరూ అంటున్నారు. ఒక్కసారి బాగా పిసికి పంపించండి" అన్నారు ఆమె. ఆ రోజు నేను పిక్కల మీద చేయి వేసి నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో చెప్పడానికే ముఖ్యంగా ఈ కేస్ రాస్తున్నాను. పరుగు తర్వాత కాళ్లు వాచి నొప్పి పుడితే మనవాళ్లందరూ దాన్ని ఒకే సమస్య అనుకుంటారు, ఒకే మందు వెతుకుతారు. ఈమె కాళ్లలో మూడు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. నాలుగోది, ప్రాణం మీదికి తెచ్చేది, ఉందో లేదో ముందు తేల్చాల్సి వచ్చింది.

ఇంట్లో ఏం చేశారు

కుడి కాలికి క్రేప్ బ్యాండేజీ కట్టుకుని వచ్చారు. మోకాలి కింద మొదలుపెట్టి చీలమండ పైన ఆపేశారు, పాదం వదిలేశారు. పై చుట్టు బాగా బిగుతు, కిందికి వచ్చేకొద్దీ వదులు. విప్పి చూస్తే పై చుట్టు ఉన్నచోట వేలు పట్టేంత లోతున గాడి పడింది, కట్టు లేని పాదం పైభాగం నున్నగా మెరుస్తోంది. చెప్పు వారు ముద్ర అందులో అలాగే నిలిచి ఉంది. బ్యాండేజీ ఎప్పుడూ కాలివేళ్ల మొదట్లో మొదలుపెట్టి పైకి చుట్టాలి. కింద కాస్త గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండాలి. తలకిందులుగా కడితే కింది నుంచి రావాల్సిన నీటికి మనమే అడ్డం కట్టినట్టు. ఈమె పాదానికి జరిగింది అదే.

సోమవారం రెండు పూటలా కుర్చీలో కూర్చుని, బకెట్ వేడినీళ్లలో గళ్లుప్పు వేసి కాళ్లు పెట్టుకున్నారు. హాయిగా అనిపించిందన్నారు, అది నిజమే అయి ఉంటుంది. కానీ వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, కాళ్లేమో కిందికి వేలాడుతున్నాయి. వాపు ఉన్న కాలికి ఆ రెండూ కలిస్తే వాపు పెరుగుతుందే తప్ప తగ్గదు. ఉప్పు చర్మంలోంచి లోపలి నీటిని లాగేయదు.

ఇక పరుగుకు ముందు ఒకటి, మధ్యలో ఒకటి, ఇంటికొచ్చాక రెండు ఇబుప్రోఫెన్ మాత్రలు వేసుకున్నారు. దారిలో ఉన్న ప్రతి వాటర్ స్టేషన్‌లోనూ ఆగి నీళ్లు తాగారు. దాహం లేకపోయినా సరే, 'డీహైడ్రేట్ అవుతావ్' అని ఎవరో భయపెట్టారట. ఇంటికొచ్చాక కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ మార్చి మార్చి తాగుతూనే ఉన్నారు. ఉంగరం వేలికి బిగిసిపోయింది. శనివారం 58.4 కిలోలున్న ఆమె మంగళవారం నా దగ్గర 60.2 తూగారు.

ఈ బరువు సంగతి మామూలుగా తీసుకోవద్దు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్లకు, నాలుగు గంటలకు మించి పరుగెత్తినవాళ్లకు ఆ ముప్పు ఎక్కువగా కనిపించింది. వాళ్లకు నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై ఇబ్బంది వచ్చింది. వాంతులు, తగ్గని తలనొప్పి, మాట తడబడటం, అయోమయం కనిపిస్తే ఇంకా నీళ్లు పట్టించకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఈమెకు ఆదివారం సాయంత్రం కాస్త తలనొప్పి వచ్చి తగ్గిపోయింది.

టేప్ చెప్పిన సంగతి

పడుకోబెట్టి, మోకాలి చిప్ప కింద ముందువైపు తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి పెన్నుతో గీత పెట్టాను. ఆ గీత దగ్గర పిక్క చుట్టుకొలత ఎడమ 35.4, కుడి 37.3. చీలమండ దగ్గర ఎడమ 24.3, కుడి 24.8. కాలి ముందెముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదిలితే రెండు కాళ్లలోనూ గుంట పడింది, మెల్లగా పూడింది.

అంటే చీలమండల వాపు రెండువైపులా దాదాపు సమానం. పిక్కల దగ్గర మాత్రం కుడివైపు దాదాపు రెండు సెంటీమీటర్లు ఎక్కువ. మామూలు మనిషిలో రెండు పిక్కలకూ సెంటీమీటర్ లోపు తేడా ఉండొచ్చు. రెండు అంటే ఆలోచించాలి.

తొడల ముందు కండరాలు రెండువైపులా ముట్టుకుంటేనే నొప్పి. కుర్చీలోంచి లేవడం కంటే కూర్చోవడం కష్టం, మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం. మా వాకిట్లో ఉన్న మెట్లు తిరిగి వెళ్లేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి దిగారు. మారథాన్ మర్నాడు చాలామంది అలాగే దిగుతారు, అందులో తప్పేమీ లేదు. కుడి పిక్క లోపలివైపు మాత్రం వేలితో చూపించగలిగినంత ఒకేచోట నొప్పి. గుచ్చి గుచ్చి అడిగితే, చివర్లో ఒక ఫ్లైఓవర్ దిగుతుండగా అక్కడ చురుక్కుమందని, ఆ తర్వాత కాస్త కుంటుతూనే ముగించానని చెప్పారు.

అప్పుడు మందుల గురించి అడిగాను. షుగర్, బీపీ, థైరాయిడ్ ఏవీ లేవు, మందులేవీ వాడటం లేదు అన్నారు. ఆడవాళ్లను నేను ఇంకో ప్రశ్న విడిగా అడుగుతాను, ఎందుకంటే దాన్ని ఎవరూ మందుల లెక్కలో వేయరు: "పీరియడ్స్ వెనక్కి జరగడానికి ఏమైనా వేసుకున్నారా?" ఆమె భర్త వైపు ఒకసారి చూసి, అవునన్నారు. రేస్ రోజుకు డేట్ వచ్చేలా ఉందని మెడికల్ షాపులో అడిగి కొనుక్కున్నారట, రోజుకు మూడు చొప్పున. పూజలకీ పెళ్లిళ్లకీ మన ఇళ్లలో అలవాటుగా వేసుకునే మాత్రలే ఇవి. వీటిలో ఉండే నోరెథిస్టెరాన్ ఒంట్లో కొంత ఈస్ట్రోజెన్ రకం హార్మోన్‌గా మారుతుంది. ఆ మోతాదులో వేసుకుంటే సిరల్లో రక్తం గడ్డకట్టే రిస్క్ పెరగొచ్చు.

ఇప్పుడు అన్నీ కలిపి చూడండి. హార్మోన్ మాత్రలు, ఐదు గంటలకు పైగా పరుగు, ఆ వెంటనే హైవే మీద దాదాపు 275 కిలోమీటర్లు కాళ్లు ముడుచుకుని ప్రయాణం, ఒక పిక్క మాత్రం లావు, అందులోనూ ఒకచోట నొప్పి. పిక్కలోని లోపలి సిరలో రక్తం గడ్డ ఉందేమో అన్న అనుమానం అక్కడే మొదలైంది. దీన్నే డీవీటీ అంటారు. అంచనాకు డాక్టర్లు వాడే వెల్స్ స్కోర్ ప్రకారం చూస్తే ఈమెకు వచ్చేది తక్కువ మార్కే. పిక్కల తేడా 3 సెంటీమీటర్లు దాటితేనే అందులో మార్కు పడుతుంది, పైగా కండరం బెణికిందనే వేరే కారణం ఉంటే మార్కులు తగ్గుతాయి. కానీ హార్మోన్ మాత్రలకూ కారు ప్రయాణానికీ ఆ లెక్కలో చోటు లేదు. స్కోర్ తక్కువగా ఉందని వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. గడ్డ ఉన్న పిక్కను గట్టిగా పిసికితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే ఆమెను ముందు ఫిజీషియన్ దగ్గరికి పంపాను.

రిపోర్టులు

ఫిజీషియన్ గారు, ఒంట్లో గడ్డ ఉందేమో సూచించే డీ-డైమర్ అనే రక్తపరీక్ష జోలికి పోకుండా, నేరుగా రెండు కాళ్లకూ సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపించే డాప్లర్ స్కాన్ రాశారు. అది సరైన నిర్ణయం. మారథాన్ పరుగెత్తిన మనిషిలో గడ్డ లేకపోయినా డీ-డైమర్ పెరిగే ఉంటుంది, ఆ రిపోర్టుతో భయమే తప్ప ఏమీ తేలదు.

స్కాన్‌లో తొడ నుంచి పిక్క దాకా సిరలన్నీ బాగున్నాయి, గడ్డ లేదు. కుడి పిక్క లోపలి కండరంలో చిన్న చీలిక, దాని చుట్టూ పలుచగా నీరు. రక్తంలో సోడియం 137, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8, రెండూ నార్మల్. కండరం దెబ్బతింటే పెరిగే సీకే 3,100. మామూలుగా ఆడవాళ్లలో ఇది దాదాపు 170 లోపు ఉంటుంది కాబట్టి రిపోర్ట్ చూడగానే ఆ దంపతులకు టెన్షన్ పట్టుకుంది. మారథాన్ తర్వాత రెండు మూడు రోజులు ఇది వేలల్లో ఉండటం మామూలే. మూత్రం లేత పసుపులో వస్తోందా, చిక్కటి డికాషన్ రంగులో వస్తోందా అన్నదే ఇక్కడ ముఖ్యం. డికాషన్ రంగు కనిపిస్తే కండరాల్లోంచి వచ్చిన ప్రోటీన్ కిడ్నీలను ఇబ్బంది పెడుతున్నట్టే. ఈమెకు ఆ లక్షణం లేదు.

ఇబుప్రోఫెన్ మాన్పించి, అవసరమైతేనే పారాసిటమాల్ వేసుకోమన్నారు. నేను రన్నర్లందరికీ చెప్పే మాటే ఇది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, 80 కిలోమీటర్ల పరుగులో నాలుగు గంటలకోసారి 400 మిల్లీగ్రాముల ఇబుప్రోఫెన్ వేసుకున్నవాళ్లలో సగం మందికి పైగా కిడ్నీల పనితీరు దెబ్బతింది. మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో ఆ సంఖ్య మూడో వంతు. నొప్పి రాకముందే పరుగుకు ముందు మాత్ర వేసుకునే అలవాటు మన రన్నింగ్ గ్రూపుల్లో చాలా ఎక్కువగా ఉంది, అది మానాలి.

ఏది ఎందుకొచ్చింది

తొడల నొప్పికి కారణం లాక్టిక్ యాసిడ్ కాదు. అది పరుగు ఆపిన గంట, గంటన్నరలో రక్తంలోంచి పోతుంది. ఈ నొప్పి మర్నాడు మొదలై 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదురుతుంది. కండరం సాగుతూ బరువు ఆపాల్సి వచ్చినప్పుడు అందులోని సన్నటి పోగులు దెబ్బతింటాయి, శరీరం వాటిని బాగు చేసుకునే క్రమంలో వాపూ నొప్పీ వస్తాయి. 1902లోనే థియోడర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ ఆలస్యపు నొప్పికి కారణం కండరంలోని చిన్న చిరుగులేనని రాశాడు. పల్లం దిగేటప్పుడు ఈ సాగుడు చాలా ఎక్కువ. నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా సాగే హైదరాబాద్ దారి ఎత్తుపల్లాల దారి, ఫ్లైఓవర్ల దారి. ఈమె నెలల తరబడి సాధన చేసింది బల్లపరుపు కరకట్ట మీద. ఊపిరి సిద్ధంగా ఉంది, పల్లం దిగే తొడలు సిద్ధంగా లేవు.

చీలమండల వాపు కథ వేరు. పిక్క కండరం బిగిసినప్పుడల్లా చేతిపంపులా సిరల్లోని రక్తాన్ని పైకి నెడుతుంది. గంటల తరబడి పరుగెత్తి ఒక్కసారిగా ఆగి, కాళ్లు కిందికి పెట్టి కారులో కూర్చుంటే ఆ పని ఆగిపోతుంది. వేడికి నాళాలు అప్పటికే వెడల్పయి ఉన్నాయి, నీటిని పట్టి ఉంచే హార్మోన్లు పెరిగి ఉన్నాయి, పైగా దాహం లేని నీళ్లు. ఆ నీరంతా చీలమండల్లో చేరింది. మూడోది కుడి పిక్కలోని చీలిక.

చికిత్స

గడ్డ లేదని తేలాక మొదట చీలమండల వాపు సంగతి చూశాం. రోజుకు నాలుగుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున వెల్లకిలా పడుకుని కాళ్లు గుండె కంటే ఎత్తులో పెట్టుకోవాలి. ఇక్కడ చాలామంది మడమ కింద ఒక్క దిండు పెట్టి ఊరుకుంటారు, అది చాలదు. పిక్క మొత్తానికీ ఆసరా ఉండేలా దిండ్లు పేర్చాలి, మోకాలు కాస్త వంగి ఉండాలి, మడమ అన్నిటికంటే ఎత్తున ఉండాలి. సోఫాలో కూర్చుని కాళ్లు స్టూల్ మీద పెట్టుకోవడం దీనికి సాటి రాదు, ఎందుకంటే కాళ్లు అప్పటికీ గుండె కంటే కిందే ఉంటాయి. ఆ స్థితిలోనే పాదాలను నెమ్మదిగా పైకీ కిందికీ ముప్పై సార్లు ఆడించాలి. కుడి పాదాన్ని మొదటి రెండు రోజులూ నొప్పి రాని మేరకే ఆడించమన్నాను, చీలిన కండరం సాగకూడదు కాబట్టి.

బ్యాండేజీ పక్కన పెట్టేశాం. మోకాలి కింది వరకు వచ్చే కంప్రెషన్ సాక్స్, 15 నుంచి 20 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడివి తెప్పించాం. వీటిని చెప్పుల సైజు చూసి కొనకూడదు. చీలమండ సన్నటి చోట, పిక్క లావాటి చోట కొలిచి కొనాలి, అదీ పొద్దున మంచం దిగకముందు. తొడుక్కునేది కూడా అప్పుడే, రాత్రి పడుకునేముందు తీసేయాలి. పై అంచు మడత పడకూడదు, పడితే మళ్లీ ఆ బ్యాండేజీ గాడే. కాళ్లకు రక్తం సరిగా అందని జబ్బు ఉన్నవాళ్లు, పాదాల్లో స్పర్శ తగ్గిన షుగర్ పేషెంట్లు డాక్టర్‌ని అడగకుండా ఇవి వేసుకోవద్దు.

నీళ్లు దాహమేసినప్పుడే తాగమన్నాను, భోజనం మామూలుగా తినమన్నాను. పప్పు, గుడ్లు, పెరుగు తగ్గించొద్దు, కండరం అతుక్కోవడానికి అవి కావాలి. చుట్టాలెవరో ఉప్పు పూర్తిగా మానేయమన్నారట. దాని అవసరం లేదు, ఊరగాయలు కొన్ని రోజులు పక్కన పెడితే చాలు. కింద కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం వారం పాటు వద్దన్నాను. ప్రతి రెండు గంటలకూ ఇంట్లోనే ఐదారు నిమిషాల నడక.

ఐస్ గురించి భర్త అడిగారు. దెబ్బ తగిలితే ఐస్ పెట్టమనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్ తర్వాత తానే మాట మార్చుకుని, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని రాశారు. నొప్పి ఓర్చుకోలేనంత ఉంటే 10 నుంచి 15 డిగ్రీల చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంటే ఉపశమనంగా ఉంటుంది, నేను వద్దనను. ఈమెకు అవసరం పడలేదు.

స్ట్రెచింగ్ విషయంలో గట్టిగానే చెప్పాను. వ్యాయామానికి ముందు చేసినా తర్వాత చేసినా ఈ రకం కండరాల నొప్పిని స్ట్రెచింగ్ పెద్దగా తగ్గించదని, అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2011 కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఈమె విషయంలోనైతే గోడకు చేతులు ఆనించి పిక్క సాగదీయడం వల్ల చీలిక ఇంకా పెరుగుతుంది.

మసాజ్ గురువారం మొదలుపెట్టాను. తొడలకు ఓ మోస్తరు ఒత్తిడితో, పిక్కలకు మాత్రం నూనె రాసి పాదం నుంచి మోకాలి వైపు అరచేత్తో తేలిగ్గా నిమరడమే, చీలిక ఉన్నచోటు వదిలేసి. కండరాల నొప్పికి మసాజ్ బాగా పనిచేస్తుంది, అందులో నాకు సందేహం లేదు. నా అభ్యంతరమంతా కారణం తెలియని వాపు మీద చేసే మసాజ్ గురించే. ఆ రోజుకు కుడి పిక్క 36.4, ఎడమ 34.9కి దిగాయి, ఉంగరం చేతికొచ్చింది.

శనివారం నుంచి స్విమ్మింగ్ పూల్‌లో ఛాతీ లోతు నీళ్లలో నడక పెట్టాం. మీటర్ లోతున నీటి ఒత్తిడి దాదాపు 74 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది, సాక్స్ ఇచ్చేదానికి దాదాపు నాలుగైదు రెట్లు. అదీ పైన తక్కువ, కింద ఎక్కువ, కాలికి ఎలా కావాలో అలాగే. ఈత రాకపోయినా గట్టు పట్టుకుని నడవొచ్చు. పూల్‌లో దిగాక ఆమె ముఖంలో మొదటిసారి తేలిక కనిపించింది.

మళ్లీ మంగళవారానికి కుడి పిక్క 35.0, ఎడమ 34.3, చీలమండలు రెండూ 23 లోపు, బరువు 58.3. మెట్లు ముందుకు తిరిగే దిగారు. వాపు, తొడల నొప్పి పోయాయి, మిగిలింది పిక్క చీలిక. దానికి తొందర పనికిరాదు. ముందు కుర్చీలో కూర్చుని మడమలెత్తడం, తర్వాత నిలబడి రెండు కాళ్ల మీద, నొప్పి లేకపోతే ఒంటికాలి మీద. అరగంట చురుగ్గా నడిచినా మర్నాడు నొప్పి లేదని నిర్ధారించుకున్నాక మూడో వారంలో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున మొదలుపెట్టించాను.

ఒక్క విషయం రన్నర్లు గుర్తుపెట్టుకోవాలి. వాపు ఒక్క కాలికే ఉండి పెరుగుతున్నా, పిక్క వేడిగా ఎర్రగా ఉన్నా, ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వచ్చినా, కాలు రాయిలా బిగిసి పాదం తిమ్మిరెక్కినా ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లాలి. అప్పుడు కంప్రెషన్ సాక్స్ కోసం, మసాజ్ చేసేవాళ్ల కోసం వెతకొద్దు.

తర్వాతి రేస్ గురించి మాట్లాడుకున్నాం. పీరియడ్స్ మాత్రల విషయం గైనకాలజిస్ట్‌తో మాట్లాడాకే నిర్ణయించుకుంటానన్నారు. రేస్ అయిన రాత్రి అక్కడే ఉండి, మర్నాడు బయల్దేరి గంటకోసారి కారు ఆపి ఐదు నిమిషాలు నడుస్తామని భర్త చెప్పారు. పల్లం దిగే సాధన కోసం కొండపల్లి ఖిల్లాకు వెళ్లే ఘాట్ రోడ్డు అనుకున్నాం. ఒకసారి కొద్దిగా పల్లం పరుగెత్తితే కండరం కొన్ని వారాల పాటు ఆ దెబ్బను తట్టుకుంటుంది కాబట్టి, మొదట్లో చాలా తక్కువ దూరం చాలు.

ఐదో వారంలో చూసినప్పుడు పిక్కల తేడా 3 మిల్లీమీటర్లే. ఒంటికాలి మీద మడమ ఎత్తడం ఎడమ 25, కుడి 22. కుడి కాలు కూడా 25 చేసేవరకు కరకట్ట మీదే నెమ్మది పరుగు, ఘాట్ రోడ్డు ఆ తర్వాతే.